రెండు బాణీలు - ఒక గొంతు

సంగీతానికి ఎల్లలు లేవని మనం తరచుగా అంటూ ఉంటాం. కాని ఆచరణలో సంగీతానికి మనం గీసినన్ని గీతలు మరే కళకూ గీయలేదేమో! శాస్త్రీయం, లలితం, జానపదం, సినీగీతం అని మనం పాటను విభజించుకొన్నట్లే పాశ్చాత్యులు కూడా తమ సంగీతాన్ని అనేక శాఖలుగా విభజించుకొన్నారు. రికార్డుల దుకాణంలో ఒక్కొక్క శాఖకు ఒక్కొక్క అర కేటాయించి ఉంటుంది. ఒక శాఖను అభిమానించే శ్రోత మరొక శాఖ ఉన్న అర వైపు కన్నెత్తి చూడకపోవడం కూడా కద్దు.

పంక్ రాక్, కంట్రీ అనేవి అటువంటి రెండు శాఖలు. మొదటిది మహానగరాల ఇరుకు వీధుల్లో పుట్టిన ఆగ్రహం. రెండవది పల్లెపట్టుల్లో పెరిగిన ఆవేదన. ఈ రెండింటినీ ఒకే గొంతులో పలికించిన కళాకారులలో అమెరికాకు చెందిన అలెహాండ్రో ఎస్కొవేడో ముఖ్యులు. ఇతరులతో కలిసి బృందాలలో సుమారు పదిహేనేళ్లు గడిపిన తరువాత, నలభై ఒకటవ ఏట ఆయన తన పేరుతో తొలి ఆల్బమ్‌ను వెలువరించారు. ఆయన జీవితాన్ని పరిశీలిస్తే ఈ మేళవింపు ఎలా సాధ్యమైందో, అందుకోసం ఆయన ఒంటరిగా ఎందుకు నడవవలసి వచ్చిందో మనకు బోధపడుతుంది.

పల్లె పాట - నగరపు కేక

కంట్రీ సంగీతం అమెరికా దక్షిణ రాష్ట్రాల గ్రామీణుల పాట. ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండుల నుండి వలస వచ్చినవారు తమ కథాగేయాలను, ఫిడేలును వెంట తెచ్చుకొన్నారు. బానిసలుగా తరలింపబడిన ఆఫ్రికన్ ప్రజల నుండి బాంజో అనే తంత్రీవాద్యం, ఆ తరువాత బ్లూస్ బాణీ వచ్చి చేరాయి. 1927లో టెనెసీ రాష్ట్రంలోని బ్రిస్టల్ పట్టణంలో తాత్కాలికంగా ఏర్పాటు చేసిన స్టూడియోలో జిమ్మీ రోడ్జర్స్, కార్టర్ కుటుంబం పాడిన పాటలు ఈ సంగీతాన్ని దేశమంతటికీ పరిచయం చేశాయి. ఎడబాటు, పేదరికం, రైలు ప్రయాణం, తాగుడు, పశ్చాత్తాపం, దైవభక్తి, మరణం ఈ పాటలకు వస్తువులు. ఇరవై తొమ్మిదేళ్ల వయస్సులోనే, 1953లో మరణించిన హ్యాంక్ విలియమ్స్ ఈ బాణీకి మకుటం లేని మహారాజు. అయితే 1950వ దశకం చివరి నుండి నాష్‌విల్ నగరంలోని రికార్డింగు సంస్థలు వయొలిన్ల సమూహాలను, బృందగానాలను చేర్చి ఈ పాటను నునుపు చేశాయి. దానితో పాటకు మెరుగు వచ్చింది కాని, మట్టివాసన కొంత తగ్గింది.

పంక్ రాక్ కథ వేరు. 1970వ దశకం మధ్యనాటికి రాక్ సంగీతం పెద్ద పెద్ద క్రీడాప్రాంగణాలలో జరిగే ఆడంబరంగా మారింది. గంటల తరబడి సాధన చేసినవారికే అందులో చోటు. దీనిపై తిరుగుబాటుగా న్యూయార్క్ నగరంలో రామోన్స్, లండన్‌లో సెక్స్ పిస్టల్స్, క్లాష్ వంటి బృందాలు బయలుదేరాయి. వారి పాటలు రెండు మూడు నిమిషాలలో ముగిసిపోతాయి. వేగం, ధ్వనితీవ్రత, సూటిదనం వాటి లక్షణాలు. చెప్పవలసిన మాట ఉన్నవాడు గురువు కోసం ఎదురుచూడనక్కరలేదు, గిటారు పట్టుకొని వేదిక ఎక్కవచ్చు అన్నది పంక్ యువకుల సిద్ధాంతం.

పైకి చూస్తే ఈ రెండూ ఉత్తర దక్షిణ ధ్రువాలు. కంట్రీ గాయకుడు గతాన్ని గౌరవిస్తాడు. తాతల నాటి పాటను భక్తితో పాడుతాడు. పంక్ గాయకుడు గతాన్ని ధిక్కరిస్తాడు. కాని లోతుగా పరిశీలిస్తే రెండింటి మూలధనం ఒకటే. గిటారు వాయించేవారు కార్డులని పిలిచే స్వరసముదాయాలు మూడు వస్తే చాలు, ఆ పాటలో అయినా ఈ పాటలో అయినా చాలా భాగం వాయించవచ్చు. రెండింటిలోనూ మాట సూటిగా ఉంటుంది, అలంకారం తక్కువ. రెండూ అధికారం, ఐశ్వర్యం లేని మనుషుల గోడును చెబుతాయి. ఒకటి ఆ గోడును నిట్టూర్పుగా వెలిబుచ్చితే, రెండవది కేకగా వెలిబుచ్చుతుంది. ఈ సామ్యాన్ని గుర్తించడానికి పండితులకన్న ముందు, రెండు బాణీలూ వింటూ పెరిగిన కొందరు యువకులు పూనుకొన్నారు. ఎస్కొవేడో వారిలో ఒకరు.

వలస కుటుంబంలో బాల్యం

ఎస్కొవేడో 1951 జనవరి 10వ తేదీన టెక్సాస్ రాష్ట్రంలోని సాన్ ఆంటోనియోలో జన్మించారు. తండ్రి మెక్సికో నుండి వలస వచ్చినవారు, మారియాచి అనే మెక్సికో సంప్రదాయ వాద్యబృందాలలో పాల్గొన్నవారు. ఆ ఇంట పన్నెండుగురు సంతానం. సవతి అన్నలైన పీట్ ఎస్కొవేడో, కోక్ ఎస్కొవేడోలు ప్రసిద్ధ తాళవాద్య నిపుణులు. సాంటానా బృందంలో వాయించినవారు. పీట్ కుమార్తె షీలా తరువాతి కాలంలో డ్రమ్స్ వాద్యకారిణిగా ప్రపంచఖ్యాతి పొందారు. ఇంట్లో మెక్సికో పాటలు, రేడియోలో కంట్రీ పాటలు, రాక్ పాటలు వింటూ అలెహాండ్రో పెరిగారు.

ఆయనకు సుమారు ఏడేళ్ల వయస్సులో కుటుంబం టెక్సాస్‌ను విడిచి కాలిఫోర్నియాకు తరలివెళ్లింది. సెలవులకు వెళుతున్నామని తల్లిదండ్రులు పిల్లలకు చెప్పారట. ఆ సెలవులు ముగియనే లేదు, తిరుగు ప్రయాణం జరగనే లేదు. ఈ సంగతిని ఆయన తరువాత అనేక సందర్భాలలో గుర్తుచేసుకొన్నారు. వదిలివచ్చిన ఇల్లు, దాటివచ్చిన సరిహద్దు, చెప్పకుండా మిగిలిపోయిన వీడ్కోలు - ఇవే దశాబ్దాల తరువాత ఆయన పాటలకు ముడిసరుకు అయ్యాయి.

ఇంతమంది వాద్యకారులు ఉన్న కుటుంబంలో పుట్టినా, ఆయన గిటారు చేతబట్టింది ఇరవైల మధ్యలోనే! అదీ విచిత్రంగా జరిగింది. సాన్‌ఫ్రాన్సిస్కోలో సినిమా విద్యార్థిగా ఉన్నప్పుడు, వాయించడం చేతగాని ఒక సంగీత బృందం గురించి చిత్రం తీయాలని ఆయన, ఆయన మిత్రుడు సంకల్పించారు. నటించడానికి అటువంటి బృందం కావాలి. తమకు ఎలాగూ వాయించడం రాదు కనుక తామే ఆ బృందం అయ్యారు. చిత్రం మరుగున పడింది కాని, బృందం మాత్రం నిలిచింది. అదే 'ది నన్స్'. చేతగానితనాన్ని సిగ్గుపడవలసిన విషయంగా కాక, ఆరంభానికి అనుమతిగా భావించడం పంక్ ధర్మం. ఆ ధర్మానికి ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకదు. 1978 జనవరి 14న సాన్‌ఫ్రాన్సిస్కోలోని వింటర్‌లాండ్ ప్రాంగణంలో సెక్స్ పిస్టల్స్ తమ అమెరికా యాత్రలో చివరి కచేరీ చేసింది. ఆ బృందం అంతటితో విచ్ఛిన్నమైంది. ఆ రాత్రి వారికి ముందు వేదిక ఎక్కిన బృందాలలో ది నన్స్ ఒకటి.

బృందం నుండి బృందానికి

పంక్ ఉద్యమపు తొలి ఉధృతి తగ్గిన తరువాత ఆ యువకులకు ఒక ప్రశ్న ఎదురైంది. కేక వేసిన తరువాత ఏమి మాట్లాడాలి? ఎస్కొవేడో, కిన్‌మన్ సోదరులు దానికి సమాధానాన్ని కంట్రీ సంగీతంలో వెతికారు. కిన్‌మన్ సోదరులు కూడా అంతకుముందు పంక్ బృందంలో ఉన్నవారే. వారు స్థాపించిన 'ర్యాంక్ అండ్ ఫైల్' బృందం టెక్సాస్ రాజధాని ఆస్టిన్‌కు చేరి, 1982లో 'సన్‌డౌన్' అనే ఆల్బమ్‌ను వెలువరించింది. పంక్ వేగానికి పల్లె బాణీని జతచేసిన ఇటువంటి సంగీతానికి 'కౌపంక్' అని పేరు వచ్చింది. పేరులో కొంత వేళాకోళం ఉంది. కాని కంట్రీ పాటను పెద్దల సొత్తుగా భావించిన యువతరానికి ఆ తలుపు తెరిచినవారు వీరేనని చెప్పాలి.

ఆ తరువాత ఎస్కొవేడో తన తమ్ముడు జేవియర్‌తో కలిసి 'ట్రూ బిలీవర్స్' బృందాన్ని నెలకొల్పారు. మూడు గిటార్ల హోరుతో సాగే ఈ బృందం ఆస్టిన్‌లో విశేషమైన ఆదరణ పొందింది. 1986లో తొలి ఆల్బమ్ వెలువడింది. రెండవ ఆల్బమ్ రికార్డింగు పూర్తయిన తరువాత, అది విడుదల కాకముందే రికార్డింగు సంస్థ ఆ బృందాన్ని వదులుకొంది. బృందం చెదరిపోయింది. శ్రమించి సిద్ధం చేసిన ఆ పాటలు శ్రోతలకు చేరడానికి 1994 వరకు ఆగవలసి వచ్చింది.

మూడు బృందాలు గడిచాయి. వయస్సు నలభైకి చేరువైంది. ఎస్కొవేడో ఆస్టిన్‌లోని ఒక రికార్డుల దుకాణంలో పనిచేస్తూ కుటుంబాన్ని పోషించుకొన్నారు. ఏ శాఖ ఆల్బమ్‌ను ఏ అరలో ఉంచాలో నిర్ణయించే ఆ దుకాణంలో, ఏ అరలోనూ ఒదగని సంగీతాన్ని గురించి ఆలోచిస్తున్న వ్యక్తి ఉద్యోగిగా ఉండడం గమనింపదగిన విషయం.

తన పేరుతో తొలి అడుగు

1991లో ఆయన భార్య మరణించారు. తల్లిలేని పిల్లలు, తీరని దుఃఖం మిగిలాయి. మరుసటి సంవత్సరం, 1992లో, ఎస్కొవేడో తొలిసారిగా తన పేరుతో 'గ్రావిటీ' అనే ఆల్బమ్‌ను వెలువరించారు. 1993లో 'థర్టీన్ ఇయర్స్' వచ్చింది. ఈ రెండింటికీ నిర్మాణ బాధ్యత వహించినవారు టెక్సాస్‌కు చెందిన గిటారు విద్వాంసుడు స్టీఫెన్ బ్రూటన్.

బృందంలో ఉన్నవాడు ఒంటరిగా పాడడంలో ప్రత్యేకత ఏమిటని మీరు ప్రశ్నింపవచ్చు. బృందం అంటే ఒక ఉమ్మడి కుటుంబం. నలుగురికీ నచ్చిన బాణీయే బృందం బాణీ అవుతుంది. ఒకరి వ్యక్తిగత వ్యథకు అందులో చోటు తక్కువ. చోటు దొరికినా గిటార్ల హోరులో అది వినబడదు. ఒంటరి గాయకునికి ఆ రక్షణ ఉండదు. పాట బాగుంటే ఆ కీర్తి, లేకుంటే ఆ అపకీర్తి అతనివే. దాక్కొనడానికి మరుగు ఉండదు. ఎస్కొవేడో ఆ మరుగును వదులుకొన్న తరువాతనే ఆయన గొంతులోని నిజమైన శ్రుతి బయటపడింది. తొలి రోజుల్లో కేకగా మాత్రమే వెలువడిన ఆవేశం ఇప్పుడు నెమ్మదిగా, మాటకు మాటకు మధ్య మౌనాన్ని భరిస్తూ సాగింది.

ఈ మేళవింపులో ఆయన అనుసరించిన పద్ధతి కూడా గమనింపదగినది. సాధారణంగా రెండు బాణీలను కలపడమంటే ఒక పాటలో సగం ఇది, సగం అది వాయించడమని అనుకొంటాం. ఎస్కొవేడో అలా చేయలేదు. ఆయన తన పేరుతో ఆస్టిన్‌లో ఒక వాద్యబృందాన్ని సమకూర్చుకొన్నారు. అందులో విద్యుత్ గిటారు, డ్రమ్స్‌తోపాటు వయొలిన్, సెల్లో కూడా ఉండేవి. పంక్ పాటలో గిటారు చేసే పనిని, అంటే ఒకే స్వరాన్ని పట్టుదలగా, కోపంగా మళ్లీ మళ్లీ మోగించే పనిని, ఆయన సెల్లోకు అప్పగించారు. కంట్రీ కథాగేయంలోని విషాదాన్ని కొన్నిసార్లు గిటారు గర్జనకు అప్పగించారు. పంక్‌కు పూర్వగామి అయిన స్టూజెస్ బృందం 1969లో వెలువరించిన ఒక పాటను ఆయన తంత్రీవాద్యాలతో వినిపించేవారు. వాద్యాలు మారినా పాటలోని ఉగ్రత చెక్కుచెదరలేదు. ఉగ్రత ధ్వనితీవ్రతలో లేదు, భావతీవ్రతలో ఉంది అన్న సత్యాన్ని ఆ ప్రయోగం నిరూపించింది.

ఇదే కాలంలో అమెరికాలో మరికొందరు ఇదే బాట పట్టారు. ఇల్లినాయ్ రాష్ట్రానికి చెందిన 'అంకుల్ టుపెలో' బృందం 1990లో 'నో డిప్రెషన్' అనే ఆల్బమ్‌ను వెలువరించింది. కార్టర్ కుటుంబం పాడిన ఒక పాత పాట పేరే దానికి పెట్టారు. వారి పాటల్లో పంక్ హోరు, పల్లె విషాదం పక్కపక్కనే నిలిచాయి. నాష్‌విల్ నునుపును కాదని సాగిన ఈ ధోరణికి 'ఆల్టర్నేటివ్ కంట్రీ', అంటే ప్రత్యామ్నాయ కంట్రీ అనే పేరు స్థిరపడింది. ఈ ధోరణిని ప్రచారం చేయడానికి 'నో డిప్రెషన్' పేరుతోనే 1995లో ఒక పత్రిక మొదలైంది. ఆ పత్రిక 1998లో, దశాబ్దం ముగియడానికి ముందే, ఎస్కొవేడోను ఆ దశాబ్దపు కళాకారునిగా ప్రకటించింది. ఏ అరలోనూ ఒదగని సంగీతానికి చివరకు ఒక అర ఏర్పడిందన్నమాట!

ఒంటరితనపు వెల

ప్రశంసలు లభించినా ఎస్కొవేడోకు సంపద లభించలేదు. ఆయన ఆల్బమ్‌లను వెలువరించినవి చాలావరకు చిన్న సంస్థలు. ఊరూరా తిరిగి కచేరీలు చేయడమే ఆయనకు జీవనాధారం. ఈ పరిస్థితుల్లోనే ఆయనకు హెపటైటిస్ సి అనే వ్యాధి సోకినట్లు తెలిసింది. ఈ వ్యాధి రక్తం ద్వారా సంక్రమించి, ఏళ్ల తరబడి పైకి కనబడకుండానే కాలేయాన్ని దెబ్బతీస్తుంది.

ఆ రోజుల్లో ఆయన 'బై ద హ్యాండ్ ఆఫ్ ద ఫాదర్' అనే సంగీతరూపకంలో పాల్గొంటున్నారు. మెక్సికో నుండి సరిహద్దు దాటివచ్చిన తండ్రుల తరం కథ అది. 2003 ఏప్రిల్‌లో అరిజోనా రాష్ట్రంలో ఆ రూపకాన్ని ప్రదర్శించిన తరువాత ఆయన కుప్పకూలిపోయారు. వ్యాధి ముదిరింది. అమెరికాలో ఆరోగ్యబీమా చాలావరకు ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది. ఉద్యోగి కాని సంగీతకారుడు తన బీమాను తానే కొనుక్కోవాలి. ఎస్కొవేడోకు ఆ రక్షణ లేదు. బృందాన్ని, సంస్థను కాదని స్వేచ్ఛగా పాడుకొన్న వ్యక్తి ఆ స్వేచ్ఛకు చెల్లించవలసిన వెల ఎంతటిదో అప్పుడు తెలిసింది.

అయితే ఆయన నిజంగా ఒంటరి కాడని తెలిసింది కూడా అప్పుడే. తోటి కళాకారులు ఆయన చికిత్స కోసం కచేరీలు చేసి నిధులు సేకరించారు. 2004లో ఆయన పాటలను ఇతర గాయకులు పాడగా 'పోర్ విదా' అనే రెండు డిస్కుల ఆల్బమ్ వెలువడింది. స్పానిష్ భాషలో ఆ పేరుకు 'జీవితాంతం' అని అర్థం. అందులో ల్యూసిండా విలియమ్స్, స్టీవ్ ఎర్ల్ వంటి కంట్రీ బాణీ గాయకులు ఉన్నారు. పంక్‌కు దారి చూపిన 'వెల్వెట్ అండర్‌గ్రౌండ్' బృంద సంస్థాపకులలో ఒకరైన జాన్ కేల్ ఉన్నారు. రెండు వేర్వేరు అరలవారు ఒకే మనిషి ప్రాణం కోసం ఒకే ఆల్బమ్‌లో పాడారు. ఆయన పాటల్లో జరిగిన మేళవింపు ఇక్కడ మనుషుల మధ్య జరిగింది.

ఎస్కొవేడో కోలుకొన్నారు. 2006లో జాన్ కేల్ నిర్మాణంలో 'ది బాక్సింగ్ మిర్రర్' ఆల్బమ్‌ను వెలువరించారు. 2008లో వచ్చిన 'రియల్ యానిమల్' ఆల్బమ్‌లో తన గత బృందాల కథలను, పంక్ రోజుల జ్ఞాపకాలను పాటలుగా మలిచారు. 2018లో వచ్చిన 'ది క్రాసింగ్' ఆయన కృషికి మకుటం వంటిది. మెక్సికో నుండి ఒకరు, ఇటలీ నుండి ఒకరు అమెరికాకు వచ్చిన ఇద్దరు యువకులు టెక్సాస్‌లోని ఒక రెస్టారెంటులో పనిచేస్తూ మిత్రులవుతారు. తాము పాటల్లో విన్న అమెరికా ఎక్కడ ఉందో వెతకడానికి బయలుదేరుతారు. ఆ ఆల్బమ్‌ను ఎస్కొవేడో ఇటలీ సంగీతకారులతో కలిసి రూపొందించారు. 2021లో దానిని స్పానిష్ భాషలో మళ్లీ వెలువరించారు. తండ్రి దాటివచ్చిన సరిహద్దును కొడుకు పాట ద్వారా తిరిగి దాటాడని చెప్పవచ్చు. 2024లో, డెబ్బై మూడేళ్ల వయస్సులో, తన పాత పాటలనే కొత్త రూపంలో 'ఎకో డాన్సింగ్' పేరుతో వినిపించారు.

ఈ బాటలో తరువాతివారు కూడా నడిచారు. 'సోషల్ డిస్టార్షన్' అనే పంక్ బృందానికి నాయకుడైన మైక్ నెస్ 1999లో తన పేరుతో కంట్రీ ఛాయలు గల ఆల్బమ్‌లను వెలువరించారు. 'హాట్ వాటర్ మ్యూజిక్' బృందానికి చెందిన చక్ రాగన్ 2007లో 'ఫీస్ట్ ఆర్ ఫ్యామిన్' పేరుతో ఇదే ప్రయత్నం చేశారు. విద్యుత్ గిటారును పక్కన పెట్టి, మామూలు గిటారుతో ఒంటరిగా నిలబడి పాడే పంక్ గాయకుడు నేడు ఎవరికీ వింతగా తోచడు. ఆ వింతను సహజం చేసిన తొలివారిలో ఎస్కొవేడో ఒకరు.

ముగింపు

కొత్తదనం కోసం రెండు వస్తువులను కలిపేవారు చాలామంది ఉంటారు. అటువంటి కలయిక కొన్నాళ్లు వింతగా ఉండి, తరువాత విడిపోతుంది. ఎస్కొవేడో సంగీతం విడిపోలేదు. దానికి కారణం ఆయన రెండు బాణీలను బయటి నుండి తెచ్చి అతికించకపోవడమే. వలస కుటుంబపు వీడ్కోళ్లు ఆయన రక్తంలో ఉన్నాయి, నగర యువకుని ధిక్కారం ఆయన యౌవనంలో ఉంది. ఆ రెండింటిలో దేనినీ దాచకుండా పాడడానికి ఆయనకు ఒక వేదిక కావలసి వచ్చింది. ఆ వేదిక ఏ బృందంలోనూ దొరకనప్పుడు తన పేరునే వేదికగా చేసుకొన్నారు.

శాఖలు, పేర్లు, అరలు అవసరమే. అవి లేకపోతే వెతుకుతున్నది దొరకదు. కాని మనిషి జీవితం ఏ ఒక్క అరలోనూ పూర్తిగా ఇమడదు. తన జీవితం ఎంత విశాలమో తన పాటను కూడా అంత విశాలం చేసుకొన్నవాడే నిజమైన కళాకారుడు. ఆ విశాలతకు చెల్లించవలసిన వెల ఉంటుంది. ఆ వెలను చెల్లించడానికి సిద్ధపడినవారి వల్లనే కళలో కొత్త దారులు ఏర్పడుతున్నాయి.